షెడ్డులో పొట్టు పట్టే రెండు యంత్రాలు: 14 నెలల వాడకం తరువాత

మా ఇల్లు అంబాజీపేటకు దగ్గరలో, కాలువ గట్టు పక్కన ఉంది. ఒకప్పుడు కొబ్బరికాయలు రాశి పోసుకున్న పెరటి షెడ్డులో ఉద్యోగ విరమణ తరువాత వడ్రంగం పెట్టుకున్నాను. షెడ్డు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు, రేకుల కప్పు. అందులో ఒక టేబుల్ సా (బల్లకు బిగించిన గుండ్రని రంపం), చిన్న తిక్‌నెస్ ప్లేనర్ (పలకను సమమైన మందానికి చెక్కేది), రౌటర్ (గాడులు తీసేది), చేతి శాండర్ (ఉప్పుకాగితంతో నున్నగా రుద్దేది) ఉన్నాయి. నా పని ఎక్కువగా పాత కలపతోనే సాగుతుంది. ఈ ప్రాంతంలో మండువా లోగిళ్ళు విప్పినప్పుడు వచ్చే టేకు దూలాలు, వాసాలు, తలుపు రెక్కలు కలప అడితిలో దొరుకుతాయి. అవి దశాబ్దాల తరబడి ఎండి ఉండటం వల్ల వంకర తిరగవు. అయితే ఎండిన కలప నుంచి వచ్చే పొడి పచ్చి కలప పొట్టులా నేల మీద పడి ఊరుకోదు, గాలిలోనే తేలుతూ ఉంటుంది. రెండేళ్ళు చీపురుతో నెట్టుకొచ్చాను. సాయంత్రానికి ముక్కు దిబ్బడ వేయడం, రాత్రి దగ్గు, డాబా మీద ఆరబెట్టిన వడియాల మీద పసుపుపచ్చని పొర, దాని మీద మా ఇంటావిడ వ్యాఖ్యానం, ఇవన్నీ కలిసి నన్ను రెండు యంత్రాలు కొనేలా చేశాయి. ఒకటి 1 హెచ్‌పీ డస్ట్ కలెక్టర్, అంటే పొట్టును ఫ్యానుతో లాగి కింది ప్లాస్టిక్ సంచిలో పడేసి, గాలిని పై గుడ్డ సంచిలోంచి వదిలే యంత్రం; రెండోది 30 లీటర్ల తడి-పొడి వాక్యూమ్ క్లీనర్.

రెండింటి కంపెనీల పేర్లు రాయడం లేదు. కలెక్టరైతే ఒకే ఆకారం, ఒకే రేకు, రంగు మాత్రమే మార్చుకొని నాలుగైదు పేర్లతో అమ్ముడవుతోంది. నేను రాసేది ఆ ఆకారం గురించి అనుకుంటే చాలు. ఇవి పొట్టును ఎంత బాగా లాగుతాయన్నది కొనేముందు అందరూ అడిగే ప్రశ్న. నాకు మాత్రం వీటిని కొన్న మొదటి నెలలో షెడ్డు నేల శుభ్రమైంది కాని గాలి బాగుపడలేదు. ఎందుకో తెలుసుకోవడానికి పట్టిన కాలమే ఈ సమీక్షలో ఎక్కువ భాగం.

మొదట ఒక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కలప ధూళిని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కు లోపలి భాగంలో, దాని చుట్టూ ఉండే సైనస్‌లలో వచ్చే క్యాన్సర్లు అందుకు ఆధారం. అవి ప్రధానంగా ఏళ్ళ తరబడి ఫర్నిచర్ పనిలో ఉన్న కార్మికులలో కనిపించాయి కనుక వారానికి రెండు పూటలు పనిచేసే నాలాంటివాడు బెంబేలెత్తవలసిన పని లేదు, అలాగని తేలిక చేయదగిన విషయమూ కాదు. ఐరోపా సమాఖ్య 2023 జనవరి నుంచి గట్టి కలప ధూళికి 8 గంటల సగటున ఘనపు మీటరు గాలికి 2 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. నా షెడ్డు ఎత్తు సుమారు 10 అడుగులు, అంటే లోపలి గాలి సుమారు 61 ఘనపు మీటర్లు. ఆ గాలిలో సమంగా 122 మిల్లీగ్రాముల ధూళి, గ్రాములో ఎనిమిదో వంతు, తేలితే ఆ పరిమితికి చేరుకున్నట్టే. ఒక్క టేకు పలకను ఉప్పుకాగితంతో రుద్దినప్పుడు అంతకు ఎన్నో రెట్లు పొడి రాలుతుంది. అందుచేత యంత్రం సంచిలో ఎన్ని కిలోలు చేరిందన్నది ముఖ్యం కాదు, సంచిలోంచి ఎన్ని మిల్లీగ్రాములు తిరిగి వచ్చాయన్నదే ముఖ్యం.

కలెక్టరు విషయంలో మోసమంతా అక్కడే ఉంది. దానితో పాటు వచ్చిన పై సంచి 30 మైక్రాన్ల గుడ్డ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఊపిరితిత్తుల లోతుకు దిగే ధూళి రేణువులు 10 మైక్రాన్ల లోపువి. ఆ గుడ్డ పేళ్ళను, ముతక పొట్టును ఆపి, అసలు ఆపవలసిన దానిని జల్లెడ పట్టి మరీ షెడ్డు నిండా చల్లుతుంది. యంత్రం లేనప్పుడు సగం పొడి నేలకు దిగేది, యంత్రం వచ్చాక అది కూడా గాలిలోకి లేచింది. దీనిని కనిపెట్టడానికి పరికరాలేవీ అక్కర్లేదు. పొద్దు పోయాక షెడ్డులో దీపాలన్నీ ఆర్పి, కలెక్టరును ఆడించి, సంచికి అడ్డంగా టార్చి వెలుగు వేశాను. వెలుగు దారిలో పొడి ముగ్గుపిండి చల్లినట్టు కదులుతూ కనిపించింది. ఎవరైనా కొత్త యంత్రం కొన్న రోజే ఈ పరీక్ష చేసుకోవచ్చు.

సంచిని మార్చి, 1 మైక్రాన్ ఫెల్టు సంచి విడిగా తెప్పించాను. మందమైన గుడ్డలోంచి గాలి కష్టంగా పోతుంది కనుక సంచి పెద్దదిగా ఉండాలి. పాత సంచి కొలతకే సన్న గుడ్డ కుట్టించుకుంటే లాగుడు పడిపోతుంది. నేను పాతదాని కంటె ఒకటిన్నర రెట్లు పొడవైనది తీసుకున్నాను. కొత్త ఫెల్టు మొదటి రెండు మూడు రోజులు కొంచెం పొడి వదులుతుంది, లోపలి గోడకు పలుచని పొర పట్టాక ఆగిపోతుంది. ఆ పొరే అసలు వడపోత కాబట్టి సంచిని దులపడంలో అతి పనికిరాదు. మెల్లగా తట్టి వదిలేయాలి.

ఇది సరిపోలేదనిపించి, తరువాత యంత్రాన్నే షెడ్డు బయటకు, వెనుక వసారాలోకి మార్చాను. గోడకు కన్నం కొట్టి గొట్టం మాత్రం లోపలికి తెచ్చాను. ఈ 14 నెలల్లో నేను చేసిన మార్పులన్నింటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. సంచి ఏది వదిలినా అది ఇక నేను పీల్చే గాలి కాదు. చప్పుడు కూడా గోడ అవతలికి పోయింది. అయితే నిమిషానికి 300 ఘనపుటడుగులకు పైగా గాలి బయటకు పోతుంటే అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. పని జరిగేటప్పుడు ఎదురు కిటికీ తెరిచి ఉంచకపోతే లాగుడు తగ్గుతుంది. వసారా పక్కింటి వారి బట్టల దండెం వైపు లేకుండా చూసుకోవడం ఇరుగుపొరుగు మర్యాద.

మా దగ్గరకు అప్పుడప్పుడు సాయానికి వచ్చే పెద్ద మేస్త్రి ఈ ఏర్పాటు చూసి, "ఇది మన రైసుమిల్లులో ఊక తోలే గొట్టమేనండీ బాబుగారూ, పేరు మార్చేరంతే" అన్నారు. ఆయన మాటలో నిజం ఉంది, ఇంకొకటి కూడా గుర్తు చేసింది. మిల్లులో ఊకను గాలితో తోలి, గరాటు ఆకారపు సైక్లోనులో సుడి తిప్పి, బరువైనదాన్ని కిందికి దింపుతారు. ఈ డెల్టాలో పుట్టినవాడికి సైక్లోను గురించి విడిగా పాఠం అక్కర్లేదు. నా కలెక్టరులో మాత్రం సైక్లోను లేదు. పొట్టు, పేళ్ళు, దారిలో దొరికిన ప్రతిదీ ముందు ఫ్యాను రెక్కలకు తగిలి, ఆ తరువాతనే సంచిలోకి వెళుతుంది.

దీనివల్లనే గత మాఘమాసంలో చిన్న ప్రమాదం జరిగింది. పాత దూలాన్ని కోస్తుండగా పైకి కనిపించని మేకు ముక్క ఒకటి రంపపు బిళ్ళకు తగిలింది. వెంటనే గొట్టంలో గలగలమని, ఆ వెనుక ఫ్యానులో టంగుమని వినిపించింది. రంపం ఆపి, కలెక్టరు ఆపి, వసారాలోకి వెళ్ళి నిలబడ్డాను. ఒక నిమిషం తరువాత కాలిన వాసన వచ్చింది. కింది ప్లాస్టిక్ సంచికి వేలు పట్టేంత కన్నం, దాని అంచులు కరిగి ముడుచుకుపోయి ఉన్నాయి. లోపల పొట్టులో బొగ్గులా నల్లబడిన ముద్ద ఇంకా పొగ విడుస్తోంది. సంచిని పెరట్లోకి ఈడ్చి నీళ్ళు గుమ్మరించాను. మంట లేవలేదు. కాని ఆ చప్పుడు వినకుండా కరెంటు కట్టేసి భోజనానికి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు, ఎందుకంటే పొట్టులో నిప్పు గంటల తరబడి లోలోపల రాజుకుంటుందని పొట్టు పొయ్యి వాడిన ఇళ్ళలో అందరికీ తెలుసు.

ఇంటి షెడ్లలో కలప ధూళి బాంబులా పేలుతుందని చాలామంది భయపెడతారు. పెద్ద కర్మాగారాల్లో అది నిజమైన ప్రమాదమే; నా బోటి షెడ్డులో మాత్రం పేలుడు కంటె సంచిలో రాజుకునే నిప్పుకే ఎక్కువ భయపడాలని నా అభిప్రాయం. ఆ రోజు నుంచి పాత కలపను కోసే ముందు అయస్కాంతం పెట్టి వెతుకుతాను. పని ముగిశాక అరగంట షెడ్డు వదలను. సంచిని ఏ రోజుకారోజు ఖాళీ చేసి, మూత ఉన్న ఇనుప డ్రమ్ములో పోసి, గోడకు దూరంగా పెడతాను. గ్రైండరుతో ఇనుము రాసేటప్పుడు, ఉలికి పదును పెట్టేటప్పుడు ఈ రెండు యంత్రాలలో దేనినీ దగ్గరకు రానివ్వను. అవిసె నూనె పట్టించిన గుడ్డలు వాటంతట అవే వేడెక్కి అంటుకునే స్వభావం గలవి కనుక వాటిని పొట్టు సంచి ఛాయలకు కూడా పోనీయకూడదు.

ఇక వాక్యూమ్. కలెక్టరు ఉండగా ఇది ఎందుకని చాలామంది అడుగుతారు, వాక్యూమ్ ఉండగా కలెక్టరు ఎందుకని మిగతావారు అడుగుతారు. రెండింటి పని వేరు. కలెక్టరు ఎక్కువ గాలిని తక్కువ బలంతో లాగుతుంది, వాక్యూమ్ తక్కువ గాలిని ఎక్కువ బలంతో లాగుతుంది. గొట్టంలో నీటిని ఎంత ఎత్తుకు లాగగలదన్న లెక్కలో చెబితే కలెక్టరు లాగుడు 10 అంగుళాలకు లోపే, వాక్యూమ్‌ది 60 అంగుళాలకు పైమాటే. టేబుల్ సాకు, ప్లేనరుకు 4 అంగుళాల గొట్టం, నిమిషానికి సుమారు 350 ఘనపుటడుగుల గాలి కావాలి. వాక్యూమ్ అందులో మూడో వంతు ఇవ్వగలిగితే గొప్ప. శాండరు మూతి ఒకటిన్నర అంగుళం. దానికి కలెక్టరు తగిలిస్తే ఆ సన్న దారిలోంచి గాలి రాదు. నేను రెండూ తారుమారు చేసి చూశాను, రెండుసార్లూ పొడి నా ముఖం మీదికే వచ్చింది.

కలెక్టరు పెట్టె మీద నిమిషానికి 650 ఘనపుటడుగులని అచ్చు వేశారు. గాలి వేగం కొలిచే చిన్న మీటరుతో చూస్తే, 3 మీటర్ల గొట్టంతో, శుభ్రమైన సంచితో 340 దాకా వచ్చింది. ముడతల గొట్టాన్ని 5 మీటర్లకు పెంచి, సంచి పొర కట్టాక చూస్తే 250కి పడిపోయింది. అందుకే మధ్య భాగంలో ముడతల గొట్టం తీసేసి నున్నని 110 మిల్లీమీటర్ల మురుగు నీటి పీవీసీ పైపు వేశాను. కొలతలు ఒకదానికొకటి అతకలేదు; అతుకుల దగ్గర సైకిల్ ట్యూబు ముక్క తొడిగి క్లిప్పు బిగించడంతో గాలి కారడం ఆగింది. పీవీసీ మీద స్థిర విద్యుత్తు పుట్టి చురుక్కుమనిపిస్తుంది. పైపు పొడవునా రాగి తీగ చుట్టి యంత్రం ఇనుప ఒంటికి, అక్కడినుంచి ఎర్తుకు కలిపాను. మన తేమ గాలిలో ఈ బాధ తక్కువే, పైగా ఆ తీగ పేలుళ్ళను ఆపుతుందని కాదు, రంపం దగ్గర చేయి ఉన్నప్పుడు ఉలిక్కిపడకుండా ఉండటానికి.

వాక్యూమ్ వడపోత గురించి అమ్మేవారు "హెపా తరహా" అన్నారు. ఈ తరహా అన్న మాట వినిపిస్తే జాగ్రత్త పడాలి. అసలు హెపా అంటే 0.3 మైక్రాన్ రేణువులలో నూటికి 99.97 పాళ్ళు ఆపాలి. పారిశ్రామిక వాక్యూమ్‌లకైతే ఎల్, ఎమ్, హెచ్ అని మూడు తరగతులు ఉన్నాయి; ఎల్ తరగతి నూటికి 1 పాలు, ఎమ్ తరగతి 0.1 పాలు, హెచ్ తరగతి 0.005 పాలు మించి ధూళిని వదలకూడదు. కలప పనికి ఎమ్ తరగతి చాలు. నేను కొన్నదాని మీద ఏ తరగతీ రాసి లేదు. విడిగా మంచి కార్ట్రిడ్జి తెచ్చి బిగించినా, దాని రబ్బరు వాచరు వదులుగా ఉండి పక్కనుంచి పొడి జారిపోవడం మళ్ళీ టార్చి వెలుగులోనే పట్టుకున్నాను. వాచరు మార్చాక బాగుపడింది.

వాక్యూమ్‌కు ముందు ఒక చిన్న ప్లాస్టిక్ సైక్లోను పెట్టడం మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగల సలహా. శాండరు పొడిలో చాలా భాగం కింది డబ్బాలోనే పడిపోయి వడపోత నెలల తరబడి మూసుకుపోకుండా ఉంది. మొదట రంగు డబ్బా వాడాను. గొట్టం ఒకసారి అడ్డుపడగానే డబ్బా లోపలికి నొక్కుకుపోయి బెండకాయలా అయింది. తరువాత మందపాటి నీలం డ్రమ్ము పెట్టాను. తడి-పొడి రెండూ లాగుతుందని ప్రకటన కదా అని ఆషాఢంలో షెడ్డులోకి వచ్చిన వాన నీటిని కార్ట్రిడ్జి తీయకుండా లాగించి దాన్ని పాడుచేసుకున్నది నా తొందరపాటే. నీళ్ళకు స్పాంజి వడపోత వేరే ఉంటుంది. తడి తగిలిన పొట్టు లోపల రెండు రోజులుంటే బూజు పడుతుంది, తరువాత యంత్రం ఆడించిన ప్రతిసారీ ఆ బూజును మనమే పీలుస్తాము. దీనికి ఊదే మూతి కూడా ఉంది, దాన్ని షెడ్డు తుడవడానికి ఎన్నడూ వాడవద్దు. నేలకు దిగిన ధూళిని మళ్ళీ ముక్కుకు అందించడమే అవుతుంది.

కరెంటు విషయానికి వస్తే, వాక్యూమ్ 1400 వాట్లు, నా టేబుల్ సా 1500 వాట్లు. రెండూ కలిపి 230 వోల్టుల దగ్గర సుమారు 12.6 ఆంపియర్లు. ఇంట్లో ఫోను చార్జరు పెట్టే 6 ఆంపియర్ల ప్లగ్గు నుంచి పొడుగు తీగ వేసి ఈ రెండూ ఆడించడం షెడ్డు తగలబెట్టుకోవడానికి దగ్గరి దారి. 16 ఆంపియర్ల ప్లగ్గులు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు పక్కదారి పడితే వెంటనే కట్టేసే మీట), సరైన ఎర్తు, ఇవి పెట్టించాకనే యంత్రాల పెట్టెలు విప్పాలి. కలెక్టరు మోటారు ఆన్ చేసినప్పుడు క్షణకాలం ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది కనుక ఎమ్‌సీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తాను ఆపేసే మీట) సి రకానిదైతే ఊరికే పడిపోదు. వేసవి సాయంత్రాలు మా వీధిలో వోల్టేజి తగ్గినప్పుడు కలెక్టరు తిరగకుండా మూలుగుతుంది. అలా మూలుగుతున్న మోటారును చూస్తూ నిలబడకూడదు, వెంటనే కట్టేయాలి.

నేను అలా నిలబడి, మోటారు తిరగడానికి తోడ్పడే కెపాసిటరును ఒకదాన్ని కాల్చుకున్నాను. అమ్మినవారి సేవా కేంద్రానికి ఫోను చేస్తే యంత్రాన్ని పార్శిలు చేసి పంపమన్నారు. 40 కిలోల యంత్రాన్ని రావులపాలెం లారీ ఆఫీసుకు మోయించడం కంటె ఊరి మోటారు వైండింగ్ షాపే మేలనిపించింది. చెరువుల ఏరేటర్లు, చేల పంపులు ఇన్ని ఉన్న ఈ గడ్డ మీద ఇండక్షన్ మోటారు బాగుచేసేవారికి కొదవ లేదు. ఆయన గంటలో మార్చి ఇచ్చారు. వాక్యూమ్ మోటారు వేరు రకం, దాని కార్బన్ బ్రష్షులు అరిగినప్పుడు సరైన కొలతవి అమలాపురంలో దొరకలేదు, మూడు వారాలు ఆగవలసి వచ్చింది. ఈ తేడాను కొనేముందే లెక్కలోకి తీసుకోవడం మంచిది.

ప్లేనరు నుంచి వచ్చే పొడుగాటి పేళ్ళు కలెక్టరు మూతి దగ్గరి కంచెకు చుట్టుకొని అడ్డం పడతాయి. ప్లగ్గు పీకి, ఫ్యాను పూర్తిగా ఆగిన తరువాతనే చేయి పెట్టాలి. మీట నొక్కి ఆపాక కూడా ఆ రెక్కలు చాలాసేపు తిరుగుతూనే ఉంటాయి. ఖాళీ చేసే సమయంలో పొడి ముఖం మీదికి లేస్తుంది కనుక ఐఎస్ 9473 (మాస్కుల భారతీయ ప్రమాణం) గుర్తు ఉన్న, సన్నని ధూళిని ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్కు అప్పుడు తప్పనిసరి. జేబురుమాలు కట్టుకోవడం వల్ల ఉపయోగం లేదు. ఆ పొట్టును పశువుల పాకలో పరచుకుంటామని పక్కవారు అడుగుతారు. ప్లైవుడ్, ఎమ్‌డీఎఫ్ (కలప నారను జిగురుతో అదిమిన పలక) పొడిలో ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది కాబట్టి దాన్ని పాకకూ ఇవ్వను, పొయ్యిలోకీ ఇవ్వను. పాత కలప పొట్టులో మేకు ముక్కలుంటాయి. అడితిలో కొన్న కొత్త కలప కోసిన రోజు సంచి మాత్రమే విడిగా ఉంచి ఇస్తున్నాను.

కలెక్టరుకు రవాణాతో కలిపి 26,000 రూపాయలు, వాక్యూమ్‌కు 9,500 అయ్యాయి. ఫెల్టు సంచి, పైపులు, సైక్లోను, వైరింగు కలిసి మరో 17,000 దాటాయి. ఆ రెండో మొత్తం పెట్టే ఉద్దేశం లేనివారు కలెక్టరు కొనవద్దనే చెబుతాను. వారు వాక్యూమ్, సైక్లోను, మంచి మాస్కుతో ఆరుబయట పని చేసుకోవడం మేలు. బయట పెట్టే చోటు, సంచి మార్చే ఓపిక ఉన్నవారికి ఈ కలెక్టరు ధరకు తగినదే. నాకు రాత్రి దగ్గు పోయింది. వాక్యూమ్‌కు మాత్రం అంత మెప్పు ఇవ్వలేను, ఇంకొంచెం పెట్టి ఎమ్ తరగతిది కొని ఉండవలసింది.

పాలకొల్లులో ఉన్న నా పాత సహోద్యోగి ఒకరు ఇదే కలెక్టరు కొనాలనుకుంటున్నారు. సంచి ఎన్ని మైక్రాన్లది, ఫ్యాను రెక్కలు ఇనుమా అల్యూమినియమా, కెపాసిటరు విలువ ఎంత, ఈ మూడూ అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోమని చెప్పాను. ఇనుప రెక్కకు మేకు తగిలితే నిప్పురవ్వ లేస్తుంది, అల్యూమినియానికి ఆ బెడద తక్కువ. అమ్మేవారు మొదటిదానికి, మూడోదానికి మరునాడే జవాబు పంపారు. రెక్కల గురించి ఇంకా ఎదురు చూస్తున్నారు.